బిట్ బ్యాంక్ మొత్తం ఒకేసారి మూడుల్‌లోకి: రెజెక్స్ వాడకంపై నా సమీక్ష

ఒంగోలులో ఒక డీఎస్సీ కోచింగ్ సెంటర్‌లో ఆన్‌లైన్ టెస్టులు చూసుకునేది నేనే. బిట్లను ఒక్కొక్కటిగా కాపీ పేస్ట్ చేయడం మానేసి చాలా కాలమైంది. నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్ అనే టెక్స్ట్ ఎడిటర్‌లో రెజెక్స్‌తో (అక్షరాల తీరును బట్టి వెతికి మార్చే ప్యాటర్న్‌లు) గిఫ్ట్ ఫార్మాట్‌లోకి (మూడుల్‌కు అర్థమయ్యేలా ప్రశ్నలు రాసే పద్ధతి) మార్చి, ఆన్‌లైన్ టెస్టులు పెట్టే సాఫ్ట్‌వేర్ మూడుల్‌లోకి ఒకేసారి ఎక్కిస్తున్నా. పైసా ఖర్చు లేదు. తలనొప్పి ఏదైనా ఉందంటే అది టైపింగ్‌తోనే.

మన బిట్ల తీరు తెలిసిందేగా: ప్రశ్నకు 12. అని చుక్క, ఆప్షన్లకు 1) 2) 3) 4) అని బ్రాకెట్. వరుస మొదట్లో ^[0-9]+\. దొరికితే ప్రశ్న, [1-4]\) దొరికితే ఆప్షన్. డీటీపీలో ఎక్కడైనా 13. బదులు 13) అని పడిందో, ఆ ప్రశ్న కాస్తా పై ప్రశ్నకు ఆప్షన్‌గా అతుక్కుపోతుంది.

కాగితం కలిసొస్తుందని ఆప్షన్లను వరుసకు రెండేసి కొడతారు. కాబట్టి వరుస మధ్యలో కూడా వెతకాల్సిందే. అక్కడే అసలు చిక్కు. ‘ఆంధ్ర రాష్ట్ర (1953) తొలి ముఖ్యమంత్రి ఎవరు?’ అనే బిట్‌ను 195 దగ్గర విరిచేసి, 3) నుంచి ఆప్షన్ అనుకుంటుంది. ప్రకాశం జిల్లాలో కూర్చుని ప్రకాశం పంతులు గారి బిట్టే ముక్కలు చేసుకున్నట్టు! అంకెకు ముందు వరుస మొదలో, ఖాళీయో ఉండాలని (^| )[1-4]\) అని రాస్తే ఈ బాధ తీరుతుంది.

లెక్కల బిట్లతో ఇంకో పేచీ. గిఫ్ట్‌లో = అంటే సరైన జవాబు, ~ అంటే తప్పు జవాబు. ఆప్షన్‌లో సమీకరణం ఉంటే అందులోని = ముందు \ చేర్చాలి. అదీ మన గుర్తులు పెట్టకముందే చేయాలి, తర్వాత చేస్తే సరైన జవాబు గుర్తులు కూడా పోతాయి.

కీ వేరే పేజీలో వస్తుంది కాబట్టి ఒక్క ప్రశ్న జారినా కింద జవాబులన్నీ ఒక మెట్టు పక్కకు జరుగుతాయి. అందుకే ముందుగా ఫైండ్ విండోలో ప్రశ్నల ప్యాటర్న్ పెట్టి కౌంట్ నొక్కి, ప్రశ్నల సంఖ్య కీతో సరిపోయిందో లేదో చూసుకుంటా. అది చూడనిదే టెన్షన్ తగ్గదు.

యూనికోడ్ కాని పాత ఫాంట్లలో వచ్చిన ఫైళ్లయితే ముందు మార్పిడి చేయించండి. మార్చాక వత్తులు ఒకసారి చదివి చూడాలి, రెజెక్స్‌కు అవి పట్టవు. ‘జతపరచండి’ బిట్లు, బొమ్మలున్న బిట్లు మాత్రం నేను ఇప్పటికీ చేత్తోనే ఎక్కిస్తున్నా. వాటికి ప్యాటర్న్ రాసే టైములో ఆ పనే అయిపోతుంది.