మోకీలు మార్పిడి తర్వాత: నడకా, సైకిలా?

మళ్లీ బయట తిరగాలంటే నా ఓటు ముందు నడకకే. ఆపరేషన్ అయిన ఒకటి రెండు రోజుల్లోనే వాకర్‌తో మొదలవుతుంది, తర్వాత చేతికర్ర. కర్రను ఆపరేషన్ అయిన కాలి వైపు కాదు, రెండో చేత్తో పట్టుకోవాలి. చాలామంది ఇక్కడే పొరబడతారు. ఎత్తు ఎక్కడం కన్నా పల్లం దిగేటప్పుడే మోకాలికి పరీక్ష. సాయంత్రానికి కాలు బాగా వాచిందంటే ఆ రోజు ఎక్కువ నడిచారన్నమాట.

సైకిల్ మీద ఒంటి బరువు చాలావరకు సీటు మోస్తుంది, కీలుకు హాయి. కానీ పెడల్ పూర్తిగా తిరగాలంటే మోకాలు సుమారు 110 డిగ్రీలు వంగాలి. అంతవరకు ఇంట్లో ఎక్సర్‌సైజ్ సైకిల్ మీద సీటు ఎత్తుగా పెట్టుకుని, పెడల్‌ను ముందుకూ వెనక్కూ ఊపితే చాలు. రోడ్డెక్కడం మాత్రం డాక్టర్ సరేనన్నాకే. తొక్కడం కాదు అసలు టెన్షన్, హఠాత్తుగా బ్రేకు వేసి ఆ కాలు నేలకు ఆనించాల్సి రావడం.