సీ అర్చిన్లను మేపి అమ్మడమా, సుత్తితో కొట్టడమా: కెల్ప్ అడవికి ఏది మేలు?

కెల్ప్ అంటే సముద్రంలో అడవిలా పెరిగే పెద్ద నాచు, సీ అర్చిన్ అంటే దాన్ని మేసే ముళ్ల బంతిలాంటి జీవి. కెల్ప్ అంతా పోయి బోడిగా మిగిలిన రాతి మీంచి ఒక సీ అర్చిన్‌ను తీసి పగలగొడితే లోపల పెద్దగా ఏమీ ఉండదు. కాస్త నీరు, డొల్లకు అంటుకున్న గోధుమరంగు పీలికలు, అంతే. బాగా మేసినదాంట్లో అయితే ఐదు నారింజరంగు తొనలు నిండుగా ఉంటాయి. జపాన్‌లో ఉని పేరుతో ఇష్టంగా తినేది వాటినే. గుడ్లు అనేస్తారు గానీ అవి బీజకోశాలు, మగవాటికీ ఉంటాయి.

ఈ ఖాళీ డొల్లతోనే వచ్చింది చిక్కంతా. తిండి లేకపోయినా ఈ ముళ్ల బంతులు ఏళ్ల తరబడి చావవు. అమ్మడానికి పనికిరావు కాబట్టి ఎవరూ పట్టరు. కెల్ప్ మళ్లీ మొలకెత్తితే మాత్రం అప్పుడే నమిలేస్తాయి.

ఉత్తర కాలిఫోర్నియాలో జరిగింది ఇదే. 2013లో మొదలైన రోగానికి సన్‌ఫ్లవర్ నక్షత్ర చేపలు తుడిచిపెట్టుకుపోయాయి. సీ అర్చిన్లను తిని అదుపులో ఉంచేవి అవే. 2014 నుంచి 2016 దాకా సముద్రం వేడెక్కి కెల్ప్ కూడా నీరసించింది. ఊదారంగు సీ అర్చిన్లు విపరీతంగా పెరిగి, ఆ తీరంలో 90 శాతానికి పైగా కెల్ప్‌ను లేకుండా చేశాయి. కెల్ప్ తిని బతికే ఎర్ర అబలోన్ నత్తలు ఆకలితో చచ్చిపోతుంటే 2018లో వాటి వేటనే ఆపేశారు.

మరి ఈ ముళ్ల బంతులను ఏం చేయాలి? పెంపకం అనగానే రెండు వేరువేరు పనులు కలిసిపోతాయి. హేచరీలో పిల్లల్ని పుట్టించి పెంచడం ఒకటి. దానివల్ల సముద్రంలో ఒక్క సీ అర్చిన్ కూడా తగ్గదు కాబట్టి ఇక్కడ దాని గొడవ మనకొద్దు. రెండోది, డైవర్లు బోడి రాళ్ల మీద ఏరుకొచ్చిన ఖాళీవాటిని తొట్లలో మేపడం. సముద్రపు నాచుతో చేసిన గుళికలు రెండు మూడు నెలలు వేస్తే తొనలు నిండుతాయి. జపాన్‌లోని ఒయిటాలో దీన్ని వ్యాపారంగా చేస్తున్నారు. కనగావాలో అయితే అమ్మకానికి పనికిరాని క్యాబేజీ వేసి మేపారు. కడలి జీవికి క్యాబేజీ ఏమిటనిపిస్తుంది గానీ, ఇవి దేన్నీ వదలవు.

ఇందులో నాకు నచ్చింది డబ్బు సంగతి. విరాళాల మీద నడిచే పని విరాళాలు ఆగితే ఆగిపోతుంది, ఇది తన ఖర్చు తానే రాబట్టుకోగలదు. నచ్చనిదీ డబ్బు సంగతే. కెల్ప్ తిరిగి నిలదొక్కుకోవాలంటే చదరపు మీటరుకు సీ అర్చిన్లు రెండుకు మించకూడదని ఒక లెక్క. డైవర్‌కు కిలోల చొప్పున డబ్బులిస్తే ఒత్తుగా ఉన్నచోట గబగబా ఏరుకుని పక్కకు వెళ్తాడు. డెబ్బై ఉన్నచోట అరవై తీసినా మిగిలిన పది చాలు, మొలకను మొలకగానే తినేయడానికి. రాతి సందుల్లో దూరిన ఆ పదింటి కోసం గంట తిప్పలు పడటం అతనికి గిట్టుబాటు కాదు.

సుత్తికి ఆ లెక్కలు లేవు. లాస్ ఏంజలెస్ దగ్గర పాలోస్ వెర్డెస్‌లో 2013 నుంచి డైవర్లు చిన్న సుత్తులతో సీ అర్చిన్లను అక్కడికక్కడే పగలగొట్టారు. శుభ్రం చేసినచోట కెల్ప్ నెలల్లోనే లేచింది. పగలగొడితే గుడ్లు చెదిరి ఇంకా పెరుగుతాయని కొందరి టెన్షన్, కానీ ఖాళీ డొల్లలో చెదరడానికి ఏముంది? దీని అసలు లోపం వేరే. చేతిపని కాబట్టి చిన్న ముక్కకే సరిపోతుంది, పక్కనుంచి కొత్తవి వస్తే మళ్లీ దిగాలి.

మూడో దారి, వాటిని తినే జీవుల్నే వెనక్కి తేవడం. సీ ఓటర్లు, అంటే సముద్రపు నీటికుక్కలు, ఉంటే చాలనుకున్నారు చాలామంది. కాలిఫోర్నియాలోని మాంటెరీలో గమనిస్తే అవి మిగిలిన కెల్ప్‌లోని బలిసినవాటినే తింటున్నాయి, ఖాళీవాటి జోలికి పోవడం లేదు. ఉన్న అడవిని కాపాడతాయి గానీ పోయినదాన్ని తేలేవు. సన్‌ఫ్లవర్ నక్షత్ర చేపలకు ఆ పట్టింపు లేదు, ఖాళీవాటినీ తింటాయి. వాషింగ్టన్ రాష్ట్రంలోని ఫ్రైడే హార్బర్ ల్యాబ్‌లో వాటిని పుట్టించి పెంచుతున్నారు. వాటిని చంపింది ఒక విబ్రియో బ్యాక్టీరియా అని 2025లో తేలింది, అది సముద్రంలో ఇంకా ఉంది. కాబట్టి ఇది రేపో ఎల్లుండో తేలే పని కాదు.

ఈ ఏడాదే ఒక చిన్న అఖాతంలో కెల్ప్ కావాలంటే నా ఓటు సుత్తికే. పొడవైన తీరం, పని కావాల్సిన డైవర్లు, ఉని కొనేవాళ్లు ఉన్నచోట మేపడం మేలు. కానీ డబ్బు కట్టే పద్ధతి మారాలి. ఆస్ట్రేలియాలోని టాస్మేనియాలో ప్రభుత్వం పట్టిన బరువును బట్టి సబ్సిడీ ఇచ్చింది. నేనైతే శుభ్రమైన చదరపు మీటరుకు కడతాను, మూడో సీ అర్చిన్ కనిపిస్తే ఆ మీటరు బిల్లు ఆపేస్తాను.