చిన్న గని షేరా, పెద్ద గని షేరా?

రొయ్యల పట్టుబడి డబ్బు చేతికొస్తే భీమవరం వైపు కుర్రాళ్ల చూపు షేర్ల మీదే.

ఖర్చు: పెద్ద ఇనుప ఖనిజం గనులున్న ప్రభుత్వ కంపెనీ ఎన్‌ఎండీసీకి మామూలు డీమ్యాట్ ఖాతా చాలు. జూనియర్ మైనింగ్ కంపెనీలు, అంటే ఖనిజం కోసం ఇంకా వెతుకుతున్న చిన్న కంపెనీలు, ఎక్కువగా కెనడాలోని టీఎస్‌ఎక్స్ వెంచర్ అనే స్టాక్ ఎక్స్ఛేంజ్‌లో ఉంటాయి. విదేశీ బ్రోకరు ఖాతా, మారకం ఛార్జీలు అదనం.

శ్రమ: పెద్దదానికి ఇనుప ఖనిజం ధర, డివిడెండ్ గమనించాలి. జూనియర్‌కి డ్రిల్లింగ్ ఫలితాలు చదవాలి. టన్నుకు 8 గ్రాముల బంగారం అనగానే నోరూరుతుంది. అది ఎన్ని మీటర్ల మందం, ఎంత లోతు? నగదు అయిపోతే కొత్త షేర్లు జారీ చేస్తారు, మన వాటా పలచబడుతుంది.

రిస్కు: పెద్దదీ పడుతుంది. కానీ 1997లో బ్రె-ఎక్స్ అనే కెనడా జూనియర్ కంపెనీ బంగారం శాంపిళ్ల మోసం బయటపడితే షేరుకు విలువే లేకుండా పోయింది.

మళ్లీ చెరువులో రొయ్య సీడ్ వేయాల్సిన డబ్బయితే రెండూ వద్దు. కొన్నేళ్లు కదపనక్కర్లేకపోతే ఎన్‌ఎండీసీ. రిపోర్టులు చదివే ఓపిక, పోయినా టెన్షన్ పడని చిన్న మొత్తం ఉంటేనే జూనియర్లు.