కాన్‌స్టిట్యూషన్, చెసపీక్: ఒకే నేవీ, రెండు జాతకాలు

1794లో అమెరికా ఆరు ఫ్రిగేట్లు (వేగంగా సాగే తెరచాప యుద్ధనౌకలు) కట్టాలని చట్టం చేసింది. కాన్‌స్టిట్యూషన్, చెసపీక్ రెండూ అందులోవే, కానీ జాతకాలే వేరు.

కాన్‌స్టిట్యూషన్ 1797లో బోస్టన్‌లో నీళ్లలోకి దిగింది. 44 ఫిరంగుల ఓడ, పక్కగోడ అరమీటరు మందాన ఓక్ చెక్క. 1812 ఆగస్టులో, బ్రిటన్‌తో యుద్ధంలో, బ్రిటిష్ ఓడ గెరియర్ కొట్టిన గుండ్లు ఆ గోడకు తగిలి వెనక్కి పడుతుంటే చూసిన నావికులే దానికి ఇనుప పక్కల ఓడ అని పేరు పెట్టారంటారు. అదే డిసెంబరులో జావా అనే బ్రిటిష్ ఓడతో పోరులో దీని చుక్కాని చక్రం ముక్కలైతే, గెలిచాక జావా చక్రాన్నే ఊడదీసి బిగించుకున్నారు!

చెసపీక్‌ని కూడా 44 ఫిరంగులకే అనుకున్నారు కానీ చివరికి చిన్నదిగా కట్టి 1799లో దించారు. 1807లో బ్రిటిష్ లెపర్డ్ ఓడ, పారిపోయిన తమ నావికుల్ని అప్పగించమని అడ్డగించినప్పుడు, దీని డెక్ మీద సామాన్లు ఇంకా సర్దనేలేదు, ఫిరంగులు సిద్ధంగా లేవు, వంటపొయ్యి లోంచి నిప్పు తెచ్చి ఒక్క గుండు పేల్చి లొంగిపోయారు. నాకైతే తప్పు ఓడది కాదు, సర్దకుండానే బయల్దేరదీసినవాళ్లది అనిపిస్తుంది.

1813 జూన్ 1న బ్రిటిష్ ఓడ షానన్ చెసపీక్‌ని పావుగంటలోపే పట్టేసింది. "ఓడని వదలొద్దు" అన్న చెసపీక్ కెప్టెన్ లారెన్స్ ఆ గాయాలతోనే పోయాడు.

కాన్‌స్టిట్యూషన్ ఇప్పటికీ బోస్టన్‌లో తేలుతూనే ఉంది. చెసపీక్ కలప మాత్రం ఇంగ్లండ్‌లోని విక్‌హామ్ ఊళ్లో పిండిమర దూలాలైంది.