28 గదుల మందుల డబ్బా: స్కిజోఫ్రీనియా ఉన్న ఇంట్లో ఎనిమిది నెలల వాడకం

మా తమ్ముడికి స్కిజోఫ్రీనియా అని తేలి 11 ఏళ్లయింది. ఎనిమిది నెలల క్రితం మందుల దుకాణంలో ఒక ప్లాస్టిక్ మందుల డబ్బా కొన్నాను. వారానికి ఏడు చిన్న పెట్టెలు, ఒక్కో పెట్టెలో పూటకొకటి చొప్పున నాలుగు గదులు ఉంటాయి.

ఈ జబ్బు తీరు తెలిస్తేనే ఆ డబ్బా విలువ తెలుస్తుంది. కొన్ని నెలల పాటు గొంతులు వినిపించడం, ఎవరో వెంటాడుతున్నారన్న అనుమానం దాదాపు కనిపించకుండా పోతాయి. మందులు సక్రమంగా వేసుకుంటున్నా, నిద్ర చెడినప్పుడో, ఇంట్లో ఒత్తిడి పెరిగినప్పుడో అవి మళ్లీ తలెత్తవచ్చు. గొంతులు లేని రోజుల్లో కూడా మాట తగ్గిపోవడం, స్నానానికైనా లేవాలనిపించకపోవడం మిగిలే ఉంటాయి. అది బద్ధకమనుకుని తమ్ముణ్ణి ఎన్నోసార్లు కసురుకున్నాను, ఇప్పటికీ బాధపడతాను. మాత్ర మానేసిన మర్నాడే ఏమీ కాకపోవడం ఇంకా పెద్ద చిక్కు. చాలామంది వారాల తరబడి, కొందరు నెలల తరబడి బాగానే ఉంటారు కనుక, "నాకు తగ్గిపోయింది, ఇంకా మందులెందుకక్కా" అన్న మాట నిజమే అనిపిస్తుంది. తీరా జబ్బు తిరగబెట్టేసరికి, మాత్రలు ఎప్పుడు తప్పాయో ఇంట్లో ఎవరికీ గుర్తుండదు.

డబ్బా ఆ గుర్తును మిగులుస్తుంది. ఒక బుధవారం రాత్రి మూతలు తీసి చూస్తే సోమ, మంగళవారాల రాత్రి మాత్రలు గదుల్లో అలాగే ఉన్నాయి. తమ్ముడు రాత్రిపూట వేసుకునేది క్లోజపిన్. అది 48 గంటలకు మించి ఆగిపోతే పాత మోతాదుతో మళ్లీ మొదలుపెట్టకూడదు, రక్తపోటు పడిపోవడం వంటి ప్రమాదాలుంటాయి కనుక వైద్యుల సలహాతో 12.5 మిల్లీగ్రాముల నుంచి పెంచుకుంటూ రావాలి. డబ్బా లేకపోతే ఆ రాత్రి నా చేతులతోనే పూర్తి మోతాదు ఇచ్చి ఉండేదాన్ని.

లోపాలూ ఉన్నాయి. మూతలు మరీ బిగుతు. చేతులు వణికేవారికి అవి తెరుచుకోవు. వారాల పేర్లు ఇంగ్లీషు పొడి అక్షరాల్లో ఉంటే అమ్మ కోసం తెలుగు చీటీలు అంటించాను. నోట్లో కరిగే ఒలాంజపిన్ మాత్రలు, తేమను పీల్చుకునే సోడియం వాల్‌ప్రోయేట్ మాత్రలు వేసుకునే వేళ దాకా స్ట్రిప్‌లోనే ఉండాలి, విప్పి గదుల్లో పోయకూడదు. ఈ సంగతి పెట్టె మీద ఎక్కడా రాయలేదు. గది ఖాళీ అయిందంటే మాత్ర బయటికి తీశారని మాత్రమే అర్థం, మింగారని కాదు.

డబ్బా అడుగున ఒక కాగితం అంటించి, రోజూ తమ్ముడు ఎన్ని గంటలు నిద్రపోయాడో రాస్తున్నాను. మా వాడికి ముందు చెడేది నిద్రే, ఆ తరువాత కంచం తీసుకుని గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంటాడు. ఆసుపత్రికి వెళ్లిన రోజున సాధారణంగా బాగానే కనిపిస్తాడు కాబట్టి, ఆ పది నిమిషాల్లో వైద్యుడికి అందని నెల రోజుల ఎగుడుదిగుళ్లు ఆ కాగితం చూపిస్తుంది. మూత మీద మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ నంబరు 14416 కూడా రాసి పెట్టాను. 2022 అక్టోబరులో మొదలైన ఈ ప్రభుత్వ సేవలో ఏ వేళనైనా ఉచితంగా, తెలుగులోనే మాట్లాడవచ్చు.

కొనదలచినవారు ఏ రోజు పెట్టె ఆ రోజు విడిగా ఊడివచ్చే రకమే తీసుకోండి. పెళ్లికో ఊరికో వెళ్లినప్పుడే మా ఇంట్లో మాత్రలు ఎక్కువగా తప్పేవి; ఇప్పుడు ఆ రెండు రోజుల పెట్టెలు తమ్ముడి సంచిలో ఉంటున్నాయి.