పిల్లాడి ఫుట్‌బాల్‌కి అమెరికా మేలా, యూరప్ మేలా?

మావాడికి పదేళ్లు, డాలస్ దగ్గర ఒక ట్రావెల్ క్లబ్‌లో (వేరే ఊళ్లకి వెళ్లి పోటీలు ఆడే క్లబ్) సాకర్ ఆడతాడు, ఇక్కడ ఫుట్‌బాల్‌ని అలాగే అంటారు. తమ్ముడి కొడుకు వీడికన్నా రెండేళ్లు చిన్న, జర్మనీలో స్టుట్‌గార్ట్ పక్కన ఊరి క్లబ్‌లో ఆడతాడు. ఇద్దరి ఆటా దగ్గర్నుంచి చూశాక నాకు అనిపించింది, తేడా కోచ్‌ల తెలివిలో లేదు, కోచ్‌కి డబ్బులు ఎవరిస్తున్నారు అన్న దగ్గర ఉంది.

ఇక్కడ ఇచ్చేది మనం. ఫీజు, డ్రెస్సులు, టోర్నమెంట్లకి హోటల్ ఖర్చు కలిపి నాకు ఏడాదికి మూడు వేల డాలర్లు దాటుతోంది. తమ్ముడు కట్టేది రెండు వందల యూరోల లోపే, వాళ్ల కోచ్ కూడా అదే టీమ్‌లో ఒక పిల్లాడి నాన్న. మూడు వేలు కట్టినవాళ్లు శనివారం గెలుపు కావాలంటారు, రాకపోతే వేరే క్లబ్‌కి వెళ్లిపోతారు, అందుకని కోచ్ అందరికన్నా పొడుగ్గా ఉన్న పిల్లాణ్ని ముందు నిలబెట్టి మిగతావాళ్లని బంతి అటు కొట్టమంటాడు. పోయిన నెల ఇద్దరు మీదికొస్తుంటే మావాడు బంతిని వెనక్కి గోల్‌కీపర్‌కి ఇచ్చాడు. సరైన పాస్ అది. గీత బయట కుర్చీలేసుకున్న పెద్దవాళ్లంతా "ముందుకు కొట్టు" అని అరిచారు, ఆట అయ్యేదాకా వాడు మళ్లీ వెనక్కి చూడలేదు.

జర్మనీలో 2024-25 సీజన్ నుంచి చిన్నపిల్లలకి చిన్న జట్లు, చిన్న గోల్స్ తప్పనిసరి చేశారు, ఆ వయసులో పాయింట్ల పట్టిక కూడా లేదు. బంతి ప్రతి పిల్లాడి కాలికీ తగులుతుంది.

యూరప్‌లో పెద్ద క్లబ్బుల సంగతి వేరు. ఆటగాడు ఒప్పందంలో ఉండగా ఒక దేశం నుంచి ఇంకో దేశం క్లబ్‌కి అమ్ముడుపోతే, 12 నుంచి 23 ఏళ్ల మధ్య వాణ్ని తయారుచేసిన క్లబ్బులకి అందులో 5 శాతం వాటా ఇవ్వాలని ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా నియమం, అంటే అక్కడ పిల్లాణ్ని తీర్చిదిద్దడమే ఆదాయం. అమెరికాలో పెద్ద ప్రొఫెషనల్ లీగ్ ఎంఎల్ఎస్ ఇలాంటి డబ్బు అడగడం మొదలుపెట్టిందే 2019లో. పెన్సిల్వేనియాలో పుట్టిన అమెరికా జట్టు ఆటగాడు పులిసిక్ 16 ఏళ్లకే జర్మనీ క్లబ్ డార్ట్‌మండ్‌కి వెళ్లగలిగాడంటే తాత వైపు నుంచి వచ్చిన యూరప్ దేశం క్రొయేషియా పాస్‌పోర్ట్ వల్ల. ఆ దారి మన పిల్లలకి లేదు.

అయితే యూరప్ క్లబ్బుల అకాడమీలు (శిక్షణ కేంద్రాలు) పదహారేళ్ల పిల్లాణ్ని "ఇక వద్దు" అని పంపేస్తాయి, అప్పటికి వాడి చదువు సగం అటకెక్కి ఉంటుంది. ఇక్కడ బాగా ఆడితే కాలేజీ స్కాలర్‌షిప్పు, చేతిలో డిగ్రీ. ఆడపిల్లలకైతే నేను రెండో ఆలోచన లేకుండా అమెరికానే అంటాను: 1972 నాటి టైటిల్ నైన్ చట్టంతో స్కూళ్లలో, కాలేజీల్లో వాళ్లకీ ఆటల్లో చోటు దొరికింది, అమెరికా మహిళల జట్టు 1991, 1999, 2015, 2019 ప్రపంచకప్‌లు గెలిచింది.

మగపిల్లాడికి పన్నెండేళ్ల దాకా యూరప్ పద్ధతి, ఆ తర్వాత చదువుతో కూడిన అమెరికా దారి, ఇదీ నా లెక్క. వచ్చే సీజన్ ఫీజు కట్టేముందు కోచ్‌ని ఒకటే అడగబోతున్నాను, పిల్లాడు వెనక్కి ఇచ్చిన పాస్ తప్పిపోయి గోల్ పడితే వాణ్ని బయట కూర్చోబెడతారా అని.