మన ఎండకు ఏ దేశం సన్‌స్క్రీన్ మేలు: అమెరికాదా, యూరప్‌దా, కొరియాదా, జపాన్‌దా?

అమెరికా నుంచి పిల్లలు వస్తున్నారంటే బెజవాడలో, గుంటూరులో చాలా ఇళ్లలో ఒక చీటీ తయారవుతుంది. బాదంపప్పు, విటమిన్ మాత్రలు, పెర్ఫ్యూముల పక్కన ఇప్పుడు సన్‌స్క్రీన్ కూడా చేరింది. దాంతోపాటు ఒకటే ప్రశ్న పదేపదే వస్తోంది: అక్కడి బ్రాండ్లలో ఏది తెమ్మని చెప్పాలి? లేకపోతే అందరూ అంటున్న కొరియాదే కొనుక్కోవాలా?

ముందే చెప్పేస్తాను. అమెరికా నుంచి ఇంకేదైనా తెప్పించుకోండి, సన్‌స్క్రీన్ మాత్రం ఒక్క రకం తప్ప వద్దు. మొహాన మంగు ఉన్నవాళ్లకు యూరప్‌ది, ఇల్లూ ఆఫీసూ తప్ప ఎండలో పెద్దగా తిరగనివాళ్లకు కొరియాది, మే నెల చెమటలో తిరగక తప్పనివాళ్లకు జపాన్‌ది నప్పుతాయి. ఒక్కటే ఎంచుకోమంటే నేను యూరప్ వైపే మొగ్గుతాను. ఆ మొగ్గుకు కారణం యూవీఏ, అంటే ఎండలోని అతినీలలోహిత (యూవీ) కిరణాల్లో చర్మాన్ని నల్లబరిచే రకం.

ట్యూబు మీద పెద్ద అక్షరాల్లో కనపడే ఎస్‌పీఎఫ్ ప్రధానంగా యూవీబీ సంగతి చెబుతుంది, అంటే చర్మం ఎర్రగా కమలడం గురించి. 30 అంటే ఆ కిరణాల్లో ముప్పయ్యో వంతు లోపలికి వస్తుంది, 50 అంటే యాభయ్యో వంతు. తెల్లవాళ్లకు కమలడమే పెద్ద బాధ కాబట్టి అంకె దాని చుట్టూ తిరిగింది. మన చామనఛాయ చర్మం కమిలేది తక్కువ, నల్లబడేది ఎక్కువ. బుగ్గల మీద, ముక్కు దూలం మీద, పైపెదవి మీద మంగు దిగిందంటే ఒక పట్టాన పోదు. అందులో యూవీఏకి పెద్ద పాత్రే ఉంది. యూవీఏ మబ్బుల్లోంచి వస్తుంది, గాజులోంచీ వస్తుంది. కారు ముందు అద్దం రెండు గాజుల మధ్య పొర వేసి చేసింది కనుక దాన్ని చాలావరకు ఆపుతుంది, మామూలు పక్క అద్దం అంతగా ఆపదు. బెంజి సర్కిల్ దగ్గర ట్రాఫిక్‌లో ఆగిన కారులో డ్రైవరు కుడిచెంప మీద పడే ఎండ అదే. పైగా మనం భూమధ్యరేఖకు ఉత్తరాన పదహారున్నర డిగ్రీల దగ్గర ఉన్నాం. మే మొదటివారంలో ఒకసారి, ఆగస్టు మొదటివారంలో మరోసారి మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. పారిస్‌లోనో న్యూజెర్సీలోనో ఆ పరిస్థితి ఎప్పుడూ రాదు.

కాబట్టి చూడాల్సింది ఏ దేశపు నియమం యూవీఏకి పూచీ ఇస్తోందన్నది.

యూరప్‌లో ట్యూబు మీద చిన్న వలయంలో యూవీఏ అని రాసి ఉంటుంది. ఆ గుర్తు ఉంటే, యూవీఏ రక్షణ ఎస్‌పీఎఫ్‌లో కనీసం మూడో వంతు ఉందని అర్థం. 2006లో యూరోపియన్ కమిషన్ సిఫారసుతో వచ్చిన పద్ధతి ఇది. అక్కడ 50+ అని రాయాలంటే పరీక్షలో 60 అయినా రావాలి. అంటే వలయం, 50+ రెండూ ఉన్న ట్యూబులో యూవీఏ రక్షణ 20కి తగ్గదు.

జపాన్, కొరియాలవి పీఏ గుర్తులు. ఒక ప్లస్ అంటే యూవీఏ రక్షణ 2 నుంచి 4, రెండంటే 4 నుంచి 8, మూడంటే 8 నుంచి 16, నాలుగంటే 16, ఆపైన. జపాన్‌లో నాలుగో ప్లస్ 2013లో వచ్చింది. ఇది కూడా గట్టి పద్ధతే. కాకపోతే నాలుగు ప్లస్‌ల వెనక ఉన్నది 17 కావచ్చు, 30 కావచ్చు, ట్యూబు చూసి చెప్పలేం.

అమెరికాలో ఉండేది బ్రాడ్ స్పెక్ట్రమ్ అన్న మాట ఒక్కటే. రక్షణ యూవీఏలో 370 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దాకా పరుచుకుని ఉంటే ఆ మాట రాసుకోవచ్చు. ఆ రక్షణ ఎంత బలంగా ఉందో చెప్పే అంకె గానీ ప్లస్‌లు గానీ ఉండవు. అందుకే అమెరికా ఎస్‌పీఎఫ్ 70 కన్నా యూరప్ 50+ మన చర్మానికి ఎక్కువ పని చేయవచ్చు. పెద్ద అంకె చూసి మోసపోవద్దు.

అమెరికా ఎందుకిలా వెనకబడింది? అక్కడ సన్‌స్క్రీన్ సౌందర్య సాధనం కాదు, మందు. కొత్త ఫిల్టర్, అంటే యూవీని ఆపే పదార్థం, వాడాలంటే అక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ మందుకు అడిగినన్ని రుజువులు అడుగుతుంది. వాళ్ల జాబితాలో 1999 నాటికి 16 ఫిల్టర్లు ఉన్నాయి, ఆ తర్వాత పాతికేళ్లపాటు అందులో కొత్తది చేరలేదు. గట్టిగా యూవీఏని ఆపేవి వాటిలో రెండే: ఏవోబెంజోన్, జింక్ ఆక్సైడ్. యూరప్, కొరియా, జపాన్‌లలో వాడే టినోసార్బ్, యూవినల్ ఏ ప్లస్ వంటివి ఎండకు చెడకుండా నిలబడే ఫిల్టర్లు. యూరప్‌లో అమ్మే యాంథీలియోస్ యూవీమ్యూన్ అనే సన్‌స్క్రీన్‌లో 2022 నుంచి వస్తున్న మెక్సోరిల్ 400 ఫిల్టర్ అయితే యూవీఏ చిట్టచివరి అంచు, 380 నుంచి 400 నానోమీటర్ల దాకా అందుకుంటుంది. ఇక్కడే చాలామంది పొరబడతారు. అమెరికాలో అమ్మే యాంథీలియోస్ ట్యూబులో ఉండే ఫిల్టర్లు వేరు. పేరు ఒకటే, కంపెనీ ఒకటే, లోపలి సరుకు ఒకటి కాదు. ఆ పేరుతో తెమ్మనేటప్పుడు ఏ దేశంలో కొన్నదో అడగాలి.

ఏవోబెంజోన్‌తో ఇంకో చిక్కు ఉంది. చెమటతో కలిసి కళ్లలోకి దిగితే కొందరికి మంట పుడుతుంది, అది ఒకటి. రెండోది తెల్ల చొక్కాలు. కాలరుకు, చేతి అంచులకు పట్టిన ఏవోబెంజోన్ బోరు నీళ్లలోని ఇనుముతో కలిస్తే తుప్పురంగు మరక పడుతుంది. ఉతికే ముందు కనపడదు, ఆరేశాక బయటపడుతుంది. పసుపు మరకనుకుని బ్లీచింగ్ వేస్తే ఇంకా ముదురుతుంది. మగ్గు వేణ్నీళ్లలో చెంచాడు నిమ్మ ఉప్పు కలిపి, మరక ఉన్నచోట అరగంట నానబెట్టి, తర్వాత మామూలుగా ఉతకండి. తెల్ల నూలుకే ఇది. రంగు బట్టకైతే ముందు లోపలి మడత మీద వేసి చూసుకోవాలి.

ఇంతకీ అమెరికా నుంచి తెప్పించుకోదగ్గ ఆ ఒక్క రకం టింటెడ్, అంటే చర్మపు రంగు కలిపిన, సన్‌స్క్రీన్. మంగుకు యూవీ ఒక్కటే కాదు, కంటికి కనపడే వెలుతురు కూడా కారణం, ముఖ్యంగా చామనఛాయ చర్మంలో. దాన్ని ఆపేది ఐరన్ ఆక్సైడ్ రంగు. లేబులు మీద ఐరన్ ఆక్సైడ్స్ అని గానీ, సీఐ 77491, 77492, 77499 అని గానీ ఉంటుంది. అమెరికా బ్రాండ్లలో, ఎల్టాఎండీ లాంటివాటిలో, ఇవి దొరుకుతాయి. మన రంగుకు కలిసే షేడు ఉందో లేదో చూసుకోవాలి. లేత షేడు తెస్తే మొహం సున్నం కొట్టినట్టుంటుంది. టింట్ లేని జింక్ ఆక్సైడ్ సన్‌స్క్రీన్ అయితే మన రంగు మీద దాదాపు ఎప్పుడూ బూడిదరంగు తేలుతుంది, దాన్ని చీటీలోంచి కొట్టేయండి.

కొరియా సన్‌స్క్రీన్లు రాసుకోవడానికి హాయిగా ఉంటాయి. బ్యూటీ ఆఫ్ జోసన్ రిలీఫ్ సన్, రౌండ్ ల్యాబ్ బర్చ్ జ్యూస్ లాంటివి మాయిశ్చరైజర్ లాగా ఇంకిపోతాయి, తెల్లదనం తేలదు. రోజూ రాయాలన్న ఇష్టం పుట్టించడంలో వీటిని మించినవి లేవు, అది చిన్న విషయం కాదు. చిక్కల్లా మన ఉక్కపోత. కృష్ణ పక్కన గాలిలో తేమ ఉన్న రోజుల్లో ఈ జిడ్డుతేలే రకాలు చెమటతో కలిసి గడ్డం దాకా జారిపోతాయి. ఇంట్లో, ఏసీలో ఉండేవాళ్లకు సరే. రాసిన అంకె మీద కూడా ఒక కన్నేసి ఉంచాలి. 2020 డిసెంబర్‌లో ప్యూరిటో అనే కొరియా బ్రాండు 50+ సన్‌స్క్రీన్‌ను యూరప్ ల్యాబుల్లో పరీక్షిస్తే 19 దగ్గరే తేలింది, దాన్ని అమ్మకం నుంచి తీసేశారు.

చెమట విషయంలో జపాన్‌దే పైచేయి. బియోరే ఆక్వా రిచ్, స్కిన్ ఆక్వా వంటివాటిలో ఆల్కహాల్ ఉంటుంది. నీళ్లలా పరుచుకుని నిమిషంలో ఆరిపోతాయి. మొటిమలకు ట్రెటినాయిన్ రాస్తున్నవాళ్లకు, అప్పుడే గడ్డం గీసుకున్నవాళ్లకు చురుక్కుమంటుంది. అనెస్సా మిల్క్ రకం వేరు, లోపల నీళ్లూ నూనే రెండు పొరలుగా విడిపోయి ఉంటాయి. సీసా ఊపితే లోపలి గోళీ టకటకమంటుంది. ఆ చప్పుడు వచ్చేలా బాగా ఊపకుండా రాస్తే ఫిల్టర్లు అడుగునే మిగిలిపోతాయి. రాత్రి మామూలు ఫేస్‌వాష్‌తో పూర్తిగా పోదు, ముందు క్లెన్సింగ్ ఆయిల్‌తో తుడిచి తర్వాత కడగాలి. జపాన్ ట్యూబుల మీద ఇప్పుడు నీటికి ఆగే సామర్థ్యాన్ని నక్షత్రాలతో చూపిస్తున్నారు: ఒకటైతే 40 నిమిషాలు, రెండైతే 80. గుంటూరు మిర్చియార్డులో నిలబడి పనిచేసేవాళ్లకు, బండి మీద మార్కెటింగ్ తిరిగేవాళ్లకు రెండు నక్షత్రాలదే చూడండి.

మిగతావి క్లుప్తంగా. ఆస్ట్రేలియా పేరు గొప్పదే గానీ, అక్కడి వినియోగదారుల సంస్థ ఛాయిస్ 2025లో 20 సన్‌స్క్రీన్లు పరీక్షిస్తే 16 రాసినంత ఎస్‌పీఎఫ్ చూపలేదు. దుబాయిలో దొరికేవి చాలావరకు యూరప్, అమెరికా సరుకే. ఎక్కడ తయారైందో ట్యూబు వెనక చదివి తీసుకోండి.

ఇప్పుడు లెక్క. మొహానికి, మెడకు కలిపి చూపుడువేలు, నడిమివేలు పొడవునా రెండు గీతలు గీసినంత క్రీము కావాలి, ఉజ్జాయింపుగా గ్రామున్నర. పరీక్షల్లో చదరపు సెంటీమీటరుకు 2 మిల్లీగ్రాములు రాసి ఎస్‌పీఎఫ్ కొలుస్తారు. శనగగింజంత రాసుకుంటే 50 కాస్తా ఎక్కడికో పడిపోతుంది. గ్రామున్నర లెక్కన 50 గ్రాముల ట్యూబు రోజుకు ఒకసారైతే నెల వస్తుంది, రెండుసార్లైతే రెండు వారాలు దాటి రెండు మూడు రోజులు. రోజుకు రెండుసార్లు రాస్తే సూట్‌కేసులో మూడు ట్యూబులు వచ్చినా రెండు నెలల్లోపే ఖాళీ. పొదుపుగా వాడదామని కాస్త కాస్త రాయడం మొదలుపెడతారు, అక్కడితో తెప్పించిన ప్రయోజనం పోతుంది. మళ్లీ మళ్లీ కొనగలిగిందే మంచి సన్‌స్క్రీన్. యూరప్‌ది ధర తట్టుకోలేమనుకుంటే మినిమలిస్ట్, రీఈక్విల్ లాంటి మన బ్రాండ్లు చూడండి. టినోసార్బ్, యూవినల్ వంటి కొత్త ఫిల్టర్లు ఇక్కడా వాడుతున్నారు. మనుషుల మీద చేసిన ఇన్-వివో పరీక్ష ఫలితం ప్రకటించిన బ్రాండుకే మొగ్గండి.

కొరియావి నైకా, టీరా అనే సౌందర్య సాధనాల దుకాణాల్లో అధికారికంగా దొరుకుతున్నాయి. డబ్బా మీద దిగుమతిదారు పేరు, చిరునామా, దిగుమతి రిజిస్ట్రేషన్ నంబరు, ఎమ్మార్పీ ఉన్న స్టిక్కరు వెతకండి. దిగుమతయ్యే సౌందర్య సాధనాలకు 2020 కాస్మెటిక్స్ రూల్స్ ప్రకారం రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఆ స్టిక్కరు లేకుండా సగం ధరకు ఇస్తామంటే నకిలీదైనా కావచ్చు, తేదీ దాటిందైనా కావచ్చు. తేదీలు చదవడంలోనూ తడబాటు వస్తుంది. కొరియావి సంవత్సరం, నెల, రోజు వరసలో ఉంటాయి. రెండు తేదీలుంటే ముందుది తయారీది, తర్వాతది గడువు. ఒక్కటే ఉంటే అది ఏదో తేల్చుకుని గానీ కొనకండి. యూరప్ ట్యూబు మీద మూత తెరిచిన డబ్బా బొమ్మ, అందులో 12ఎం అని ఉంటే తెరిచాక ఏడాది అని. మూడేళ్లు నిలవ ఉండే జపాన్ సరుకు మీద అసలు తేదీయే ఉండకపోవచ్చు, కాబట్టి ఎప్పుడు కొన్నారో స్కెచ్ పెన్నుతో మీరే రాసుకోండి.

ఏ దేశానిదైనా స్కూటీ డిక్కీలో, కారు డ్యాష్‌బోర్డు మీద వదిలేస్తే వేసవిలో పాడవుతుంది. నొక్కగానే ముందు నీళ్లలాంటిది కారినా, రాస్తుంటే పిండి రేణువుల్లా తగిలినా పారేయాల్సిందే. మే నెలలో ఆన్‌లైన్ పార్శిల్ గుమ్మం బయట ఎండలో ఉండిపోకుండా చూసుకోండి.

ఇక చున్నీ. మొహానికి చున్నీ కట్టి స్కూటీ మీద వెళ్లేటప్పుడు గుడ్డ రుద్దుకునేది సరిగ్గా ముక్కు దూలం, చెంప ఎముకల మీద, అంటే మంగు దిగే చోటే. సన్‌స్క్రీన్ రాశాక పావుగంట ఆరనిచ్చి కట్టండి, విప్పాక ఆ రెండు చోట్లా మళ్లీ రాయండి. పల్చటి తెల్ల నూలు గుడ్డ యూవీని పెద్దగా ఆపదు, చెమటకు తడిస్తే ఇంకా తక్కువ. వెలుతురుకు పట్టి చూస్తే అవతలి వేళ్లు కనపడే గుడ్డ పనికిరాదు. బిగువుగా నేసిన ముదురురంగు మంగళగిరి నూలు చున్నీ దానికన్నా ఎన్నో రెట్లు నయం.

అమెరికా నుంచి నిజంగా తెప్పించుకోదగ్గవి ఈ కోవలో ఉన్నాయి: యూపీఎఫ్ 50+ బట్టలు. యాభయ్యో వంతుకు మించి యూవీ లోపలికి రాదని దాని అర్థం. కూలిబార్, కొలంబియా బ్రాండ్లలో చేతులకు తొడుక్కునే స్లీవులు, మెడ కప్పే టోపీలు, పల్చటి పొడుగు చేతుల చొక్కాలు దొరుకుతాయి. జపాన్‌కు చెందిన యూనిక్లో యూవీ రక్షణ జాకెట్లను మన దేశంలో ఆన్‌లైన్‌లోనే తీసుకోవచ్చు. వీటికి గడువు తేదీ లేదు, రెండు గంటలకోసారి మళ్లీ రాయనక్కర్లేదు, సూట్‌కేసులో కారవు. సైజు మాత్రం ఒకటి పెద్దది చెప్పండి. బిగుతుగా ఉంటే గుడ్డ సాగి నేత కళ్లు విచ్చుకుని ఎండ లోపలికి వస్తుంది, పైగా మన ఉక్కలో గాలి ఆడదు.